అంచూ, నడుమూ

డిజైన్ అనే మాట మన ఇళ్లలోకి చీరతోబాటే వచ్చిందని నా అనుమానం. "రంగు బాగానే వుంది గాని డిజైన్ నచ్చలేదండీ" అనని ఇల్లాలు తెలుగునాట వుండదు. అక్కడ డిజైనంటే పువ్వు, లత, మామిడిపిందె, నెమలి. గిన్నె మీద చెక్కినా డిజైనే, గోడకు రంగువేసి గీత గీసినా డిజైనే, వాకిట్లో ముగ్గేసినా డిజైనే. అంటే, వస్తువు తయారైపోయాక దానికి పెట్టే బొట్టూ కాటుకా అన్నమాట.

పెద్ద చదువులు చదివినవారు ఈ మాటను మరోలా వాడతారు. డిజైన్ మనిషి కష్టాలు తీర్చాలంటారు. నేలనూ నీటినీ గాలినీ కాపాడాలంటారు. వినడానికి బాగానే వుంటుంది. కాని మామిడిపిందెకూ మనిషి కష్టానికీ సంబంధమేమిటని మామూలువాడికి సందేహం రాక మానదు. సందేహం న్యాయమైనదే. ఎందుకంటే, ఈ పెద్దమాటలు మాట్లాడే సభల్లో చూపించే బొమ్మలు కూడా చివరికి అందంగా కనిపించే కుర్చీలు, అందంగా కనిపించే దీపాలు, అందంగా కనిపించే సీసాలే. ఆ కుర్చీ చేసిన మనిషి ఎలా కూర్చుని చేశాడో ఆ బొమ్మలో వుండదు.

సాహిత్య పేజీల్లో ఈ కుర్చీల గొడవేమిటని కోప్పడకండి. పద్యాన్ని విమర్శించినట్టే వస్తువునూ విమర్శించవచ్చునని నా నమ్మకం. పద్యానికి శబ్దం, అర్థం, ధ్వని వున్నట్టే వస్తువుకూ వున్నాయి. కాకపోతే పద్యం విషయంలో అడగనవసరం లేని ప్రశ్న ఒకటి వస్తువు విషయంలో తప్పనిసరిగా అడగాలి: ఈ అందం బరువు ఎవరు మోశారు? ఈ ప్రశ్న పట్టుకుని ఈ వారం నేను ఒక చీరను చదవబోతున్నాను. అది గద్వాల చీర.

ముందుగా ఈ పెద్దమాటలు ఎక్కడినించి వచ్చాయో రెండు ముక్కలు చెప్పుకుందాం. 1958లో అమెరికానించి చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే దంపతులు భారత ప్రభుత్వం పిలుపు మీద మన దేశమంతా తిరిగి ఒక నివేదిక రాసి ఇచ్చారు. వాళ్లకు ఈ దేశంలో అన్నిటికంటె గొప్పగా కనిపించిన డిజైన్ వస్తువేమిటో తెలుసునా? కోట కాదు, కోవెల కాదు, చెంబు! మన ఇంట్లో పంపు దగ్గర పడివుండే చెంబు. అది చేతిలో ఎలా ఒదుగుతుంది, నెత్తిమీద ఎలా నిలుస్తుంది, నీళ్లు ఎలా వంపుతుంది, తోమడానికి ఎంత సులువు, చివరికి పాతసామానుకు అమ్మితే ఎంత వస్తుంది అని అడగవలసిన ప్రశ్నల పట్టీ ఒకటి రాశారు. ఏ ఒక్కరూ కూర్చుని గీయని, తరతరాల చేతుల్లో అరిగి అరిగి తయారైన రూపమది. ఆ నివేదిక తరువాతనే 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలిసింది.

మరో పదేళ్లకు, 1971లో, విక్టర్ పాపనెక్ అనే ఆయన ఇంగ్లీషులో ఒక పుస్తకం అచ్చువేసి తన వృత్తివారినే ఉతికి ఆరేశాడు. డబ్బున్నవాళ్లకు అక్కరలేని సరుకు గీసిపెట్టడం మాని, వికలాంగులకు, పేదలకు, పసిపిల్లలకు, పాడవుతున్న నేలకు పనికొచ్చేవి గీయమన్నాడు. ఆయన తయారుచేసి చూపిన వస్తువు ఒకటుంది. పారేసిన డబ్బాలో మైనం పోసి, ఒత్తి వెలిగించి, ఆ వేడితో పలికే రేడియో! కరెంటు లేని పల్లెలకోసం. చూడ్డానికి డబ్బాలాగే వుండేది. "ఇంత వికారంగా వుందేం? కనీసం రంగైనా వెయ్యకూడదా?" అని తోటి పండితులు ముఖం చిట్లించారట. వాడుకునేవాళ్ల తరఫున అందం నిర్ణయించే హక్కు తనకు లేదన్నాడాయన. ఇండోనేషియాలో ఆ డబ్బాలు అందుకున్న జనం వాటికి ఎవరికి తోచిన అలంకారం వాళ్లు, గవ్వలూ గుడ్డముక్కలూ అంటించి, చేసుకున్నారు.

ఆ కథ నాకు చాలా ఇష్టం. అయినా ఒక ఇబ్బంది వుంది. ఆ రేడియోకు ఒక్క స్టేషను తప్ప మరొకటి పలకదు. అంటే గవ్వలు అంటించే స్వేచ్ఛ వినేవాడిది, ఏం వినాలో నిర్ణయించే స్వేచ్ఛ పంపేవాడిది! మేలు చెయ్యాలని బయలుదేరిన డిజైను కూడా ఎవరి పక్షాన నిలబడిందో వెదికి చూస్తే గాని తెలియదనడానికి ఇంతకంటె సాక్ష్యం వద్దు. ఈ కొలబద్ద చేతిలో పట్టుకునే మనం గద్వాల వెళదాం.

గద్వాల నడిగడ్డ. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, నడుమ గడ్డ. పండితులకు వార్షికాలిచ్చి విద్వద్గద్వాల అనిపించుకున్న సంస్థానం. సోమనాద్రి కట్టించిన మట్టికోట, కోటలో చెన్నకేశవుడి గుడి. 2016లో జోగులాంబ పేరు ముందు చేర్చుకుని జిల్లా కేంద్రమైంది. రెండు నదులున్నా ఎండలు మాత్రం రాతిని పగలేసే ఎండలు.

ఆ ఎండలో పుట్టిన చీర అది. ఒళ్లంతా నూలు, అంచులూ కొంగూ మాత్రం పట్టు, దానిమీద జరీ. ఇందులో ఎంత తెలివి వుందో చూడండి. పెళ్లికో పండక్కో పట్టుచీర కట్టుకోవాలి. వైశాఖమాసంలో, పదిమంది జనంలో, పొయ్యి దగ్గర ఆరుగజాల పట్టు కట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లనడిగితే తెలుస్తుంది ఆ మర్యాద ఖరీదు. గద్వాల చీర ఆ సమస్యను పరిష్కరించింది. ఒంటికి తగిలేచోట చెమటపీల్చే నూలు, పదిమందికీ కనిపించేచోట పట్టు. బరువూ తగ్గింది, ఖరీదూ కొంత తగ్గింది, మర్యాదా నిలిచింది. పాపనెక్ పుస్తకం రాయడానికి ఎన్నో ఏళ్ల ముందే నడిగడ్డ నేతగాళ్లు ఎండనీ, చెమటనీ, డబ్బునీ, పేరంటాన్నీ నాలుగింటినీ కలిపి ఆలోచించారు. ఇదీ డిజైనంటే. అంచుమీద వుండే కోటకొమ్మ తరువాతి మాట.

ఇక అసలు కష్టమంతా నూలూ పట్టూ కలిసేచోట వుంది. ఆ రెండూ రెండు జాతులు. నీళ్లకు ఒకలా ఒదగవు, రంగుకు ఒకలా లొంగవు, బిగుతు ఒకలా నిలవదు. వాటిని పక్కపక్కన నిలబెట్టి ఒకటి చెయ్యాలి. దానికి గద్వాలలో చేసే పనిని కుట్టు అంటారు. పేరు కుట్టేగాని సూది తగలదు. ఒళ్లు నేసే పేకకు ఒక నాడె, రెండు అంచులకూ రెండు నాడెలు, మొత్తం మూడు. ఒంటి పేక వచ్చి అంచు పేకను మెలిక వేసుకుని వెనక్కి తిరగాలి. ఒక పేకకు ఒక్క మెలికే అని లెక్క వేసుకుందాం. అంగుళానికి 50 పేకలనుకుంటే, ఆరుగజాలంటే 216 అంగుళాలు గనక, 10,800 మెలికలు. ఒక చీరకు! మంచి గద్వాల చీర అంచూ ఒళ్లూ కలిసేచోట వేలుపెట్టి తడిమి చూడండి. ఆ 10,800లో ఒక్కటి తప్పినా వేలికి తెలుస్తుంది.

ఇంతవరకూ నేను చెప్పినదంతా కట్టుకునే మనిషి వైపునించి. విమర్శ ఇక్కడితో ఆగితే అది విమర్శ కాదు, దుకాణం ముందు బోర్డు. ఇప్పుడు నేసే మనిషి వైపు తిరుగుదాం.

నేలలో గుంట. గుంట ఒడ్డున కూర్చుని, కాళ్లు లోపలికి దింపి, చెక్కలు తొక్కుతూ, ముందుకు వంగి నాడె విసరాలి. అంచుమీద బుటాలూ కోటకొమ్మలూ లేవాలంటే నెత్తిమీద జకార్డు పెట్టె వుంటుంది. దాని బరువు ఎత్తేది కూడా కాలే. వెనక ఆనుకోడానికి ఏమీ వుండదు. మూడు నాడెలు నడిపించడానికి ఇద్దరు మనుషులుంటే పని సాగుతుంది. మన దేశంలో ఇలాటి మగ్గాల దగ్గర ఆ రెండో మనిషి ఒకప్పుడు బడికి పోవలసిన పిల్లవాడు; ఇప్పుడు చాలాచోట్ల ఇల్లాలు. వంట ముగించుకుని వచ్చి కూర్చుంటుంది, మళ్లీ వంటకు లేస్తుంది. చీర ధర కట్టేటప్పుడు ఆమె కూలి విడిగా లెక్కలోకి రావడం అరుదు.

గద్వాలలో ఒక పెద్దాయన మగ్గం దగ్గర నిలబడి నేను అంచు పనితనాన్ని ఓ పావుగంట మెచ్చుకున్నాను. ఆయన ఓపికగా అంతా విని, "అంచు చూసినోళ్లు శానామంది సార్. నడుం ఎట్లుందప్పా అని అడిగినోళ్లు తక్కువ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆయన భార్య కండెలు చుడుతూ, "ఆయన నడుం సంగతి సరే, నా మెడ సంగతి ఎవరు అడగాల?" అంది. ఈ వ్యాసానికి పేరు పెట్టింది ఆ దంపతులేనని మీరు గ్రహించేవుంటారు.

నాజూకైన దైవకార్యంలో కూడా ఈ లెక్క తప్పదు. ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాలనించి స్వామివారికి ఏరువాడ జోడు పంచెలు వెళతాయి. సంస్థానం నాటి ఆచారం అది, ఇప్పటికీ నడుస్తున్నది. నియమంతో, నిష్ఠతో నేస్తారు. మామూలు పంచె పన్నాకు మించిన పన్నా కావడంతో ఒక్క మనిషి చేతులు చాలవు, పక్కన మరొకరు కూర్చోవలసిందే. భక్తి మగ్గాన్ని పవిత్రం చేస్తుంది గాని వెడల్పు తగ్గించదు గదా!

"అయితే ఏముంది, గుంట తీసేసి ఎత్తయిన చట్రం మగ్గం పెట్టండి, కుర్చీ వెయ్యండి" అంటారు పట్నంనించి వచ్చిన కుర్రవాళ్లు. మంచి ఉద్దేశమే. కాని గుంటను ముందు చదవాలి. ఎందుకుంది ఆ గుంట? నూలు పొడిగాలికి తెగుతుంది. ఎండలు మండే నడిగడ్డలో నేలకు దగ్గరగా వుండే చల్లదనం, తేమ పడుగును కాపాడతాయి. మగ్గానికి కలప తక్కువ పడుతుంది. చిన్న ఇంట్లో మగ్గం నెత్తిమీదికి లేవకుండా వుంటుంది. అంటే గుంట కూడా చెంబులాటిదే. ఎవరూ గీయలేదు, కాని కారణం లేకుండా రాలేదు. ఆ కారణాలు తెలుసుకోకుండా ఇచ్చిన చట్రం మగ్గం ఏ మూలో బట్టలు ఆరేసుకునే దండెమవుతుంది.

అలాగని గుంటను పూజించనూ అక్కరలేదు. 2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రలు రెండూ విరుచుకుపడ్డాయి. కర్నూలు మునిగింది, అలంపురం మునిగింది, తుంగభద్ర ఒడ్డున వున్న నేతగాళ్ల ఊరు రాజోలి మునిగింది. వరద ఇంట్లోకి వస్తే మంచం పైకెత్తుకోవచ్చు, బియ్యం అటకమీద పెట్టుకోవచ్చు. గుంటలో దిగేసిన మగ్గాన్ని ఏంచేస్తారు? దానిమీద సగం నేసిన చీర, ఎక్కించిన పడుగు, అప్పు తెచ్చిన పట్టు! ఎండకాలపు సమస్యకు వందల ఏళ్లుగా జవాబైన గుంట, వరద ముందు తానే సమస్య అయింది. వాతావరణం ఇప్పుడు పాత పంచాంగం ప్రకారం నడవడం లేదు. కనక కొత్త డిజైనరు గీయవలసింది కొత్త నెమలి కాదు. తేమను నిలబెట్టుకుంటూ, నడుముకు ఆసరా ఇస్తూ, వరద వార్త వచ్చిన రాత్రికి పడుగుతో సహా విప్పి అటక ఎక్కించగల మగ్గం. వరద బాధితులకు కట్టే ఇల్లు కూడా అంతే. రెండు గదులూ వంటిల్లూ గీస్తే మామూలువాడికి ఇల్లవుతుంది. మగ్గానికి చోటూ వెలుతురూ లేకపోతే నేతగాడికి అది సత్రం.

ఇవన్నీ జరిగేపనేనా అని నిట్టూర్చేవారికోసం మన దగ్గరే జరిగిన కథ ఒకటి చెబుతాను. దానికి గద్వాల వదిలి ఉత్తరంగా, హైదరాబాదు దాటి, ఆలేరు వైపు వెళ్లాలి. అక్కడి నేత వేరు. గద్వాలలో నేసేటప్పుడు నూలూ పట్టూ కలుస్తాయి. పోచంపల్లి, ఆలేరు వైపున నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగుల్లో ముంచుతారు. ముడులు కట్టడానికి ముందు దారాన్ని ఒక చట్రం మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పాలి. దానికి ఆసు పోయడమని పేరు. ఒక చీరకు చేయి దాదాపు 9,000 సార్లు సాగాలి. రోజుకు రెండు చీరలైతే 18,000. ఆ చెయ్యి ఎవరిది? ఇంటి ఇల్లాలిది. చీర మీద చిలకలు ఎగురుతుంటాయి, ఆమె భుజం లేవదు.

శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే యువకుడు తన తల్లి లక్ష్మి పడే బాధ చూడలేక, దారం తిప్పే పని యంత్రంతో చేయించాలని 1992 ప్రాంతంలో మొదలుపెట్టాడు. ఇంజనీరింగు కాలేజీ చదువు లేదు, డబ్బు లేదు. ఊళ్లో వెటకారాలు మాత్రం వున్నాయి. ఏడేళ్లు పట్టింది. 1999లో యంత్రం నిలబడింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది, భుజానికి పని లేకుండా వచ్చింది. దానికి లక్ష్మీ ఆసు యంత్రమని తల్లి పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆ కథ సినిమాగా కూడా వచ్చింది.

సినిమా సంగతి అలావుంచి, ఆ యంత్రాన్ని విమర్శకుడి కళ్లతో చూడండి. దానివల్ల చీర మీద ఒక్క పువ్వు మారలేదు. కొనే మనిషికి తేడా తెలియనే తెలియదు. ప్రదర్శనలో అద్దాల వెనక పెడితే ఎవరూ ఆగి చూడరు. మగ్గం నేత మగ్గం నేతగానే వుంది, నేతగాడి చేతిలో విద్య నేతగాడి చేతిలోనే వుంది. పోయిందల్లా భుజం నొప్పి. విద్యను వదిలి చాకిరీని మాత్రమే తీసేసింది. ఏది విద్య, ఏది చాకిరీ అని విడదియ్యడం లోకంలోకెల్లా కష్టమైన విమర్శ. పరాయివాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే పరాయివాడు మరమగ్గం తెచ్చి రెండూ కలిపి తీసేస్తాడు, లేదా కళను కాపాడుతున్నానని రెండూ కలిపి నేతగాడి నెత్తినే వుంచుతాడు. మల్లేశంకు ఆ తేడా తెలిసింది, అమ్మ భుజం కళ్లెదుట వుంది గనక.

అసలు ఈ తేడాను కాగితంమీద పెట్టినవారు మనకు మరొకరున్నారు. 1929లో గాంధీగారి అఖిల భారత చరఖా సంఘం ఒక పోటీ ప్రకటించింది. మెరుగైన రాట్నం చేసినవాడికి లక్ష రూపాయల బహుమానం. ఆనాటి లక్ష! షరతులు చూడండి: ధర 150 రూపాయలు మించకూడదు. మన దేశంలోనే తయారుకావాలి. 20 ఏళ్లు మన్నాలి. ఏడాదికి మరమ్మతు ఖర్చు ధరలో నూటికి 5 వంతులు దాటకూడదు. ఒక స్త్రీ రోజుకు ఎనిమిది గంటలు అతిగా అలిసిపోకుండా తిప్పగలగాలి. డిజైన్ విద్యార్థులు ఏళ్లతరబడి నేర్చుకునేదంతా ఈ నాలుగైదు వాక్యాల్లో వుంది. వస్తువు మన్నిక వుంది, బీదవాడి జేబు వుంది, అన్నిటికంటె ముఖ్యంగా స్త్రీ అలసట వుంది. అందం గురించి ఒక్క ముక్క లేదు, అది దానంతటదే వస్తుందన్న ధీమా కాబోలు! బహుమానం ఎవరికీ దక్కలేదు. కాని ప్రశ్నపత్రం మాత్రం ఇవాళ్టికీ చెల్లుతుంది. అలాటి పత్రమే గద్వాల మగ్గానికి ఎవరైనా రాస్తే, మొదటి వాక్యం పెద్దాయన నడుము, రెండో వాక్యం ఆవిడ మెడ.

మనిషి సంగతి అయింది. ఇక నేలా నీరూ. చేనేత కరెంటు తినదు, పొగ వదలదు. మరమగ్గం పక్కన పెడితే అది ఋషిలాటిది. నిజమే. కాని ఋషి స్నానం చేసిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? నూలుకు ఒక రకం రంగు, పట్టుకు మరో రకం రంగు. రెంటికీ వేడినీళ్లు, రసాయనాలు, మళ్లీ మళ్లీ జాడించే నీళ్లు. దారానికి పట్టని రంగంతా ఆ నీళ్లతోనే వెళ్లిపోతుంది. అద్దకం చేసేవాడి చేతులు దానిలో నానుతుంటాయి. రోగాలు తెచ్చే 70 రకాల ఆజో రంగులను 1997లో కేంద్ర ప్రభుత్వం నిషేధించిందంటేనే ఆ చేతుల సంగతి ఊహించుకోండి.

"ప్రకృతి రంగులు వాడితే పోలా?" అని అడగవచ్చు. వాడవచ్చు. కాని చెట్టునించి వచ్చిన ప్రతిదీ సాధువు కాదు. ఆ రంగు దారానికి పట్టాలంటే మరో లవణం వెయ్యాలి. పటిక వేస్తే పెద్ద బాధ లేదు. క్రోమియం వేశారా, రంగు చెట్టుదే గాని విషం మనదే. దానికితోడు ఖరీదు పెరుగుతుంది. చివరికి ప్రకృతిని కాపాడిన పుణ్యం ధనవంతురాలి బీరువాకే దక్కుతుంది. నన్నడిగితే, గద్వాలకు కావలసిన కొత్త డిజైన్లలో మొదటిది చీర మీద వుండదు, అద్దకం దొడ్లో వుంటుంది: తక్కువ నీళ్లతో రంగు పట్టే తొట్టి, రంగు సరిగా తూచే తక్కెడ, చేతులకు తొడుగు, పదిమందికీ కలిపి ఒక నీళ్లు శుద్ధిచేసే ఏర్పాటు. దీనికి ఏ పత్రికా ముఖచిత్రం వెయ్యదు. కాని రెండు నదుల నడుమ నివసించే ఊరికి నీళ్లకంటె ముఖ్యమైన అలంకారం లేదు.

జరీ మాట కూడా అనాలి. వెండితీగకు బంగారు పూత పెట్టిన జరీ చిరిగిన చీరనించి కూడా కరిగించి అమ్ముకోగలిగేది. ఈమ్స్ దంపతులు చెంబు గురించి అడిగిన చివరి ప్రశ్న గుర్తుందిగా? పాతబడ్డాక ఏమవుతుంది? ఇప్పుడు చవక చీరల్లో మెరిసేది ప్లాస్టిక్ పొరమీది మెరుపు. అది కరగదు, కుళ్లదు, ఎవరూ కొనరు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే మరి.

ఇంతకూ వీటన్నిటికీ డబ్బెవరిస్తారు? నాలుగో జాతీయ చేనేత గణన 2019–20లో జరిగింది. దేశంలో చేనేత మీద బతికేవారు 35 లక్షల 22 వేల మంది అని తేలింది. నేసేవారిలో వందకు 72 మంది స్త్రీలు. మూడింట రెండు వంతుల కుటుంబాల నెల రాబడి 5,000 రూపాయల లోపే. ఈ రాబడిమీద నడుముకు ఆసరా కొనుక్కోమంటే వాళ్లు నవ్వుతారు. అందువల్ల మగ్గం మార్చినంత మాత్రాన చాలదు, లెక్క రాసే పుస్తకం కూడా మార్చాలి. అదీ డిజైనే. చేనేతకు కొన్ని రకాల బట్టలు కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చింది. 2006లో చేనేత గుర్తు వచ్చింది. గద్వాల చీర పేరుకు భౌగోళిక గుర్తింపూ వచ్చింది. ఇవన్నీ చీర ఎక్కడిదో, మగ్గానిదో కాదో చెబుతాయి, మంచిదే. కాని ఎన్ని రోజులు పట్టింది, ఎంతమంది కూర్చున్నారు, కండెలు చుట్టిన ఆవిడకు ఎంత ముట్టింది అన్నది ఏ చీటీ మీదా వుండదు. ఆ మూడు ముక్కలు రాసిన చిన్న చీటీ ఒకటి గీసిపెట్టమని మన డిజైన్ విద్యార్థులను వేడుకుంటున్నాను. నెమలికంటె సులువు, నెమలికంటె ధైర్యం కావాలి.

పుస్తక సమీక్షల్లో చివర తీర్పు చెప్పడం ఆచారం గనక చెబుతాను. గద్వాల చీర కట్టుకునే మనిషి సమస్యను మన ప్రాంతంలో మరే బట్టా తీర్చనంత చక్కగా తీర్చింది. దానికి నూటికి నూరు. నేసే మనిషి సమస్యను ఇంకా తీర్చలేదు. తీర్చకపోగా తన అందంలో కొంత ఆ నడుము మీదినించే తెచ్చుకున్నది. దానికి మార్కులు నేను వెయ్యను. ఆ పేపరు ఇంకా రాస్తున్నారు. రాయవలసినవారు గద్వాలకు వచ్చి, కోట చూసి, జూరాల చూసి, చీరలు కొనుక్కుని వెళ్లిపోకుండా ఒక్కరోజు గుంటలో కాళ్లుపెట్టి కూర్చుంటే, సాయంత్రానికి ఏం గీయాలో ఎవరూ చెప్పనక్కరలేదు. వాళ్ల నడుమే చెబుతుంది.

మనబోటి కొనుక్కునేవాళ్లకూ ఒక పని వుంది. ఈసారి దుకాణంలో చీర విప్పి పరిచినప్పుడు, "ఇందులో మరో డిజైన్ వుందా?" అని అడిగే ముందు, "ఇది ఎవరు నేశారు? ఎన్నాళ్లు పట్టింది?" అని ఒక్క మాట అడిగి చూడండి. దుకాణదారు మొదట మిమ్మల్ని వింతగా చూస్తాడు. పదిమంది అడిగితే జవాబు వెదికిపెట్టుకుంటాడు. వందమంది అడిగితే ఆ జవాబు చీటీ మీదికి ఎక్కుతుంది. బేరం మాత్రం ఆ తరువాత ఆడండి, ఆడగలిగితే!